పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన నాన్నగారికి దగ్గరలోని ఏ ఆరోగ్య సేవ దేనికి పనికివస్తుంది?

ప్రశ్న: హయత్‌నగర్ వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 సంవత్సరాలు. పక్షవాతంతో కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దగా వస్తోంది. ఆరోగ్యశ్రీ కింద నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స చేయించి, ఈ మధ్యనే హయత్‌నగర్‌లోని మా అద్దె ఇంటికి తీసుకువచ్చాము. డిశ్చార్జి చేసేటప్పుడు ఒక కాగితాల కట్ట, పది రోజుల మందులు చేతికి ఇచ్చి, నెల తరువాత వచ్చి చూపించుకోమన్నారు. ఆ నెల రోజులూ ఇంట్లో ఏమి చేయాలో, మధ్యలో ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పినవారు లేరు.

ఆయన అవసరాలు నాకు అర్థమైనంతవరకు ఇవి. బీపీ రోజూ చూడాలి. మూత్రానికి పైపు వేసి పంపారు, దానిని ఎప్పటికో ఒకప్పటికి మార్చాలి. నడుము చివర, వెన్నెముక ముగిసే చోట చర్మం కందినట్టు ఎర్రగా ఉంది; అది పుండు అవుతుందేమోనని భయంగా ఉంది. ఫిజియోథెరపీ తప్పనిసరి అన్నారు. రక్త పరీక్షలు అప్పుడప్పుడు చేయించాలి. నేను, మావారు ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లక తప్పదు కనుక పగలంతా ఆయనను చూసుకునేది మా అమ్మ. ఆమెకు చాలా కాలంగా షుగర్ ఉంది.

మా వీధి చివర బస్తీ దవాఖానా ఉంది. కొంత దూరంలో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వనస్థలిపురంలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. ఇవి కాక నర్సింగ్ హోములు, ఫిజియోథెరపీ క్లినిక్కులు చాలానే ఉన్నాయి. పిలిస్తే ఇంటికి వచ్చి సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీ ఒకరు కూడా ఉన్నారు. బంధువులు తలా ఒక మాట చెబుతున్నారు. అన్నీ ఒకే పెద్దాసుపత్రిలో చూపించమని మా బాబాయి అంటే, ఇంటికే నర్సును పెట్టుకోమని మా ఆడపడుచు అంటున్నారు. నర్సులను పంపే ఏజెన్సీ వారు అడిగిన నెల సొమ్ము మా ఇంటి అద్దె కంటే ఎక్కువ.

వీటిలో ఏ పనికి ఏ చోటికి వెళ్లాలి, దేనికి మాత్రం దూరమైనా పెద్దాసుపత్రికే వెళ్లాలి, ఎవరినైనా ఇంటికి రప్పించుకునే వీలు ప్రభుత్వ వైద్యంలో ఉందా అన్నది నా ప్రశ్న. ఇటువంటి రోగిని ఇంట్లో చూసుకున్నవారు, వైద్య రంగంలో పనిచేసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, హనుమకొండ

అమ్మా, మీరు అవసరాలను విడివిడిగా రాశారు కనుక జవాబు చెప్పడం సులువైంది. ఆ ప్రతి అవసరం ఎదుట అది ఎంత తరచుగా వస్తుందో కూడా రాసుకోండి. రోజూ వచ్చేది ఇంట్లోనే జరిగిపోవాలి. వారానికో నెలకో వచ్చేది మీ అమ్మగారు ఒక్కరే వెళ్లి రాగలిగినంత దగ్గరలో జరగాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేదానికి మాత్రమే దూరం వెళ్లాలి. మంచాన ఉన్న మనిషిని బీపీ చూపించడానికి ఆటోలో ఎక్కించి దించుతూ ఉంటే నెల తిరిగేలోగా ఇంటిల్లిపాదీ అలసిపోతారు. ఆ తరువాత నిజంగా తీసుకువెళ్లవలసిన రోజున ఎవరికీ ఓపిక ఉండదు. మీ బాబాయిగారి సలహాలో ఉన్న చిక్కు ఇదే.

అన్నిటికంటే ముందు ఈ రోజే చూడవలసినది ఆ ఎరుపు. దాని మీద వేలితో కొన్ని క్షణాలు అదిమి తీయండి. అదిమిన చోట తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతోందని అర్థం. తెల్లబడకుండా ఎర్రగానే నిలిచిపోతే పడక పుండు మొదటి దశలో ఉన్నట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు కనుక పక్క చర్మంతో పోల్చి అక్కడ వేడిగా లేదా గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి. ఈ దశలో మందు కంటే ఒత్తిడి తీసివేయడమే వైద్యం. రెండు గంటలకొకసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చి పడుకోబెట్టండి. పక్కకు తిప్పినప్పుడు పూర్తిగా భుజం మీద పడుకోబెట్టకుండా, వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా ఒరిగేలా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద పలుచని దిండు వేసి మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచాలి. ఎర్రబడిన చోటును రుద్దవద్దు, పౌడరు గాని స్పిరిట్ గాని రాయవద్దు. పక్కదుప్పటి మీద ఆయనను ఈడ్చకండి. ఇద్దరు కలిసి దుప్పటితో పాటు ఎత్తి జరపండి. గాలి పరుపు దొరికితే మంచిది, కాని అది ఉందని ఒళ్లు తిప్పడం మానకూడదు.

ఇక సేవల విషయం. మీరు బస్తీ దవాఖానాకు వెళ్లి మందులు అడగడానికి ముందే, మీ వీధికి ఏ ఏఎన్ఎం (ఇళ్లకు వచ్చే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రపు నర్సు), ఏ ఆశా కార్యకర్త వస్తారో అడిగి వారి ఫోన్ నంబర్లు తీసుకోండి. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచి పట్టణాలలో సుమారు 50,000 మంది జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద సుమారు 10,000 మందికి ఒక ఏఎన్ఎం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా ఉండాలన్నది లెక్క. అద్దె ఇళ్లలో ఉండేవారు ఇల్లు మారినప్పుడల్లా ఈ జాబితాలో నుంచి జారిపోతుంటారు. మీ ఇంట్లో మంచాన ఉన్న రోగి ఉన్నారన్న సంగతి వారి రిజిస్టరులో లేకపోతే ఎవరూ మీ గడప తొక్కరు. బీపీ, షుగర్ రోగులుగా ఇద్దరి పేర్లూ రాయించండి. ఇంటికి వచ్చి చూసే వీలు ప్రభుత్వ వైద్యంలో ఉందా అని అడిగారు కదా, దానికి మొదటి తలుపు ఈ ఏఎన్ఎం.

రెండవ తలుపు పాలియేటివ్ కేర్, అంటే దీర్ఘకాల జబ్బులో బాధను తగ్గించి చూసుకునే ఉపశమన వైద్యం. అది క్యాన్సర్ రోగులకే అని చాలామంది అనుకుంటారు. పక్షవాతంతో మంచాన పడినవారు, వృద్ధాప్యంతో లేవలేనివారు కూడా దాని కిందకు వస్తారు. తెలంగాణలో జిల్లాల పాలియేటివ్ కేంద్రాల నుంచి ‘ఆలన’ పేరుతో వాహనాలలో నర్సులు ఇళ్లకు వస్తారు. పుండ్లకు కట్టు కట్టడం, పైపు మార్చడం, నొప్పికి మందు ఇవ్వడం, ఇంట్లోవారికి ఈ పనులు నేర్పడం వారి బాధ్యత. రంగారెడ్డి జిల్లాలో ఈ కేంద్రం చేవెళ్లలో ఉంది. అది మీకు నగరానికి అవతలి వైపు కనుక, వాహనం మీ ప్రాంతానికి వచ్చే రోజులను ముందుగా మీ పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారి ద్వారానే అడిగించండి. మీరు నేరుగా అడగడం కంటే డాక్టరుగారు రాసి పంపడం వేగంగా పనిచేస్తుంది.

మూత్రపు పైపు గురించి ఒక మాట. దానిని ఎక్కడ మార్పించాలి అన్నదానికంటే ముందు, అది ఇంకా అవసరమా అని అడగండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు వేసిన పైపును తీసే ప్రయత్నం చేయకుండానే చాలామందిని ఇంటికి పంపేస్తారు. ఆయనకు మూత్రం వస్తున్న సంగతి తెలుస్తుంటే, పైపు తీసి యూరిన్ పాట్ వాడుకోవచ్చునేమో డాక్టరు చూసి చెబుతారు. పైపు ఎక్కువ కాలం ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఉంచవలసిందే అంటే, రబ్బరు పైపును రెండు నుంచి నాలుగు వారాలకు, సిలికాన్ పైపునైతే పన్నెండు వారాల లోపు మార్చాలి. మీ నాన్నగారికి వేసినది ఏ రకమో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, లేకపోతే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి రాయించుకోండి. సంచి ఎప్పుడూ మంచం ఎత్తు కంటే కింద వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఒళ్లు తిప్పేటప్పుడు ఆ సంచిని ఛాతీ మీద పెట్టి తిప్పడం ఇళ్లలో తరచుగా కనిపిస్తుంది. అలా చేస్తే మూత్రం వెనక్కి పారుతుంది. చలితో జ్వరం, మూత్రంలో రక్తం, సంచిలోకి చుక్క కూడా దిగకుండా పొత్తికడుపు ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జవాబు: ప్రభుత్వ వైద్యాధికారి, నల్గొండ జిల్లా

పైన నర్సమ్మగారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. మందులు, పరీక్షలు, అత్యవసర పరిస్థితి గురించి కొంత చేర్చుతాను.

ఆరోగ్యశ్రీలో డిశ్చార్జి తరువాత ఇచ్చే మందులు పది రోజులకే. పక్షవాతం వచ్చినవారు అక్కడ చిక్కుకుంటారు. పది రోజుల గోళీలు అయిపోతాయి, మళ్లీ చూపించుకునేది నెలకు, మధ్యలో ఇరవై రోజులు ఖాళీ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు ఇచ్చే అటోర్వాస్టాటిన్, బీపీ మందులు, ఇవి మానినవారికి రెండవసారి పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. బీపీ మామూలుగా ఉంది కదా అని కూడా మానకూడదు. అది మందు వల్లనే మామూలుగా ఉంది. కనుక మందులు అయిపోవడానికి రెండు మూడు రోజుల ముందే డిశ్చార్జి సమ్మరీ నకలు తీసుకుని బస్తీ దవాఖానాకు వెళ్లండి. 2018లో హైదరాబాదులో మొదలైన ఈ దవాఖానాలలో ఒక డాక్టరు, ఒక నర్సు ఉంటారు. బీపీ, షుగర్ మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడ లేని మందును జెనెరిక్ పేరుతో (కంపెనీ పెట్టిన పేరు కాక, అసలు మందు పేరుతో) రాయమని అడగండి, ఆ పేరుతో జన ఔషధి దుకాణంలో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. రెండు చోట్ల నుంచి తెచ్చిన మందులు రెండు వేర్వేరు పేర్లతో ఒకే మందు కాకుండా చూసుకోండి. నేను ఓపీలో తరచుగా చూసే ప్రమాదం ఇది: ఆసుపత్రి ఇచ్చిన బీపీ గోళీ, ప్రభుత్వ కేంద్రం ఇచ్చిన బీపీ గోళీ రెండూ అదే మందు అని తెలియక రెండూ వేసుకుని కళ్లు తిరిగి పడిపోయినవారు ఉన్నారు. అట్టల మీద ఉన్న చిన్న అక్షరాల పేరు ఒకసారి డాక్టరుకు చూపించి, ఏది ఉంచాలో ఏది తీసివేయాలో పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

రక్త పరీక్షలకు ప్రైవేటు ల్యాబులో డబ్బు పెట్టవలసిన పని చాలావరకు లేదు. బస్తీ దవాఖానాలోగాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని తీసిన నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలకు వెళతాయి, ఫలితం ఫోనుకు వస్తుంది. 2018లో నారాయణగూడలో మొదలైన ఈ ఏర్పాటు తరువాత జిల్లాలకు విస్తరించింది. 2023లో పరీక్షల సంఖ్యను 134కు పెంచారు. షుగర్ మూడు నెలల సరాసరి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కొలెస్ట్రాల్ వంటివి అందులో ఉన్నాయి. నమూనా ఇచ్చేటప్పుడు మీ ఇంట్లో పగలు అందుబాటులో ఉండేవారి ఫోన్ నంబరు రాయించండి.

బీపీ యంత్రం ఒకటి కొనుక్కోండి. చేతికి పట్టీ కట్టే రకమే తీసుకోండి, మణికట్టుకు కట్టేది వద్దు. పడిపోయిన కుడి చేతికి గాక ఎడమ చేతికి చూడాలి. రోజూ ఒకే వేళకు చూసి ఒక నోటుపుస్తకంలో తేదీతో రాయండి. ఆ పుస్తకాన్ని మీ అమ్మగారు దవాఖానాకు తీసుకువెళితే, డాక్టరు మందు మోతాదు గురించి ఆలోచించడానికి ఆధారం దొరుకుతుంది. ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలీవైద్య సేవ ద్వారా ఆరోగ్య కేంద్రం నుంచే నిపుణులైన వైద్యులతో వీడియోలో మాట్లాడే వీలు కూడా ఉంది. నడవలేని రోగికి ఇది చాలా దూరం తగ్గిస్తుంది.

ఇప్పుడు దగ్గర చోటును పట్టించుకోకూడని సందర్భం. మూతి ఒక పక్కకు పోవడం, ఎడమ చేయి గాని కాలు గాని కొత్తగా బలం తగ్గడం, ఉన్న మాట కూడా పోవడం, స్పృహ మందగించడం, ఫిట్స్ రావడం కనిపిస్తే బస్తీ దవాఖానాకు వద్దు, నర్సింగ్ హోముకు వద్దు, ఆర్‌ఎంపీని పిలవవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉండి, పక్షవాతానికి ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లమని అడగండి. గడ్డను కరిగించే ఆ ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అందరికీ అది ఇవ్వడం కుదరదు, కాని వేళ దాటితే ఆలోచించే అవకాశం కూడా ఉండదు. ‘చివరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు’ అన్నది అక్కడ అడిగే మొదటి ప్రశ్న. ఆ వేళ గడియారం చూసి గుర్తుపెట్టుకోమని మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. డిశ్చార్జి సమ్మరీ, మందుల జాబితా, ఆధార్, రేషన్ కార్డు ఒకే సంచిలో తలుపు దగ్గర ఉండాలి.

సెలైన్ పెట్టే వ్యక్తి గురించి కూడా చెప్పాలి. గుండె, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియకుండా నీరసమని సెలైన్ ఎక్కిస్తే ఆయాసం రావచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి నీరసం ఎందుకు ఉందన్నది ముందు తెలియాలి. చాలాసార్లు మింగలేక తిండి తగ్గడం వల్ల వస్తుంది. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే, తిన్న తరువాత గొంతు గరగరలాడుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. పడుకోబెట్టి తాగించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా ఇచ్చి, తిన్న తరువాత కూడా అరగంట కూర్చోబెట్టండి.

జవాబు: పల్నాడు నుంచి ఒక మనవడు

మా నాయనమ్మ కూడా పక్షవాతంతో మంచాన ఉన్నారు. మేము ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలో ఉంటాము కనుక మా దగ్గర ఏర్పాటు కొంత వేరు. ఈ చర్చను మా వైపువారు కూడా చదువుతారని రాస్తున్నాను.

మా ఊళ్లో విలేజ్ క్లినిక్ ఉంది. ఇప్పుడు దాని బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అని రాశారు. అక్కడ ఉండేది డాక్టరు కాదు, నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి. బీపీ, షుగర్ చూడటం, మందులు ఇవ్వడం, కట్టు కట్టడం వారు చేస్తారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు 104 సంచార వైద్య వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, మధ్యాహ్నం వరకు ఓపీ చూసి, ఆ తరువాత మంచాన ఉన్నవారి ఇళ్లకు వెళ్లాలి. డాక్టరు వచ్చే రోజు ముందుగా తెలుసుకుని, ఫలానా ఇంట్లో లేవలేని మనిషి ఉన్నారని ఆశాకు గుర్తు చేస్తేనే ఇంటికి రావడం జరుగుతోంది. మేము అడగవలసిన ప్రశ్నలు ముందు రోజే కాగితం మీద రాసి ఉంచుతాము, ఎందుకంటే డాక్టరుగారికి ఆ పూట ఇంకా చాలా ఇళ్లు ఉంటాయి.

వైద్యం కాకపోయినా దీనితో ముడిపడిన సంగతి ఒకటి ఉంది. వైకల్యం శాశ్వతమని తేలిన తరువాత సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత శాతమో తెలిపే ప్రభుత్వ పత్రం తీసుకోండి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. మా రాష్ట్రంలో 2024 జూలై నుంచి పక్షవాతంతో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను వేరుగా ఉంది. అక్కడ 2025 నుంచి సదరం స్థానంలో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఇస్తున్నారు కనుక, శిబిరానికి స్లాటు ఎలా తీసుకోవాలో మీరు మీసేవలో కనుక్కోండి. మనిషిని చూసుకోవడానికి సహాయకుడిని పెట్టుకునే ఇళ్లలో ఈ సొమ్ము చాలా ఆదుకుంటుంది.

ప్రశ్న వేసినవారి స్పందన: హయత్‌నగర్ వాసి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. వేలితో అదిమి చూశాము. రంగు మారుతోంది, అయినా రెండు గంటలకొకసారి తిప్పడం మొదలుపెట్టాము. ఏఎన్ఎం నంబరు బస్తీ దవాఖానా నర్సుగారు ఇచ్చారు, రేపు వస్తామన్నారు.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఫిజియోథెరపీకి వారానికి ఎన్నిసార్లు, ఎక్కడికి వెళ్లాలి? ఇంటికి వచ్చే థెరపిస్టును పెట్టుకోవడం మేలా, ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లడం మేలా? రెండవది మా అమ్మ గురించి. రాత్రిళ్లు కూడా లేచి ఒళ్లు తిప్పుతున్నందువల్ల నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, నిన్న తన షుగర్ గోళీ వేసుకోవడం కూడా మరిచిపోయారు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, ఎల్బీ నగర్

మొదటి సందేహానికి నేను జవాబిస్తాను. పక్షవాతం తరువాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది, అందువల్ల ఖర్చు పెట్టగలిగింది ఏదైనా ఉంటే ఇప్పుడు పెట్టండి, ఏడాది తరువాత కాదు. పైపుతో ఉన్నంతకాలం, కూర్చోవడానికి అలవాటు పడేంతవరకు ఇంటికి వచ్చే థెరపిస్టు మంచిది. మీ నాన్నగారు పట్టుకుంటే నిలబడగలిగిన తరువాత ఏరియా ఆసుపత్రి వంటి చోటికి వెళ్లడం మేలు, ఎందుకంటే నడక నేర్పడానికి అవసరమైన సమాంతర కడ్డీలు, మెట్లు ఇంట్లో ఉండవు. వెళ్లే ముందు అక్కడి ఫిజియోథెరపీ విభాగం ఏయే రోజులలో, ఏ వేళల్లో నడుస్తుందో ఫోనులో కనుక్కోండి.

ఇంటికి పిలిచేవారిని వారి చదువు గురించి మొహమాటం లేకుండా అడగండి. ఫిజియోథెరపీలో డిగ్రీ ఉండాలి. మసాజ్ చేసేవారు కూడా అదే పేరు చెప్పుకుంటారు. మంచి థెరపిస్టు తాను చేసి వెళ్లిపోడు, మీ అమ్మగారి చేత, మీ చేత చేయించి చూస్తాడు. వారానికి మూడుసార్లు వచ్చే మనిషి చేసే గంట వ్యాయామం కంటే, మీరు రోజూ మూడు పూటలా చేయించే పదిహేను నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయి. రోజూ పిలిపించుకునే స్తోమత లేకపోతే దిగులు పడవద్దు. వారానికి ఒకసారి పిలిచి, ఆ వారం చేయవలసినవి నేర్చుకుని, మీరు చేస్తున్న తీరును మరుసటి వారం దిద్దించుకోండి.

ఒకటి మాత్రం ఈ రోజు నుంచే పాటించండి. ఆయనను లేపేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు పడిపోయిన కుడి చేతిని పట్టుకుని లాగవద్దు. ఆ భుజాన్ని పట్టి ఉంచే కండరాలకు ఇప్పుడు బలం లేదు. లాగితే కీలు జారి, నెలల తరబడి నొప్పి ఉంటుంది, ఆ నొప్పి వల్ల వ్యాయామమే ఆగిపోతుంది. భుజం వెనుక, తుంటి వెనుక అరచేతులు పెట్టి తిప్పండి. కూర్చోబెట్టినప్పుడు ఆ చేయి కిందికి వేలాడకుండా దిండు మీద ఆనించండి. భోజనం, మాటలు, టీవీ అన్నీ ఆయనకు కుడి వైపు నుంచి అందేలా మంచం మార్చి వేయండి, ఆ పక్కను ఆయన మరిచిపోకుండా ఉంటారు. మాట కోసం స్పీచ్ థెరపీ వేరుగా ఉంటుంది. నెల తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు దాని గురించి తప్పక అడగండి.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, హనుమకొండ

అమ్మా, మీ అమ్మగారి సంగతి నాకు నాన్నగారి సంగతి కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఆమె పడిపోతే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. రేపు ఏఎన్ఎం వచ్చినప్పుడు మొదట ఆమె బీపీ, షుగర్ చూడమని అడగండి. పాదాలు కూడా చూడమనండి. షుగర్ ఉన్నవారు రోజంతా నిలబడి పనిచేస్తున్నప్పుడు అరికాలి పుండు తెలియకుండా మొదలవుతుంది. మూడు నెలల సరాసరి షుగర్ పరీక్షకు ఆమె నమూనా కూడా అదే రోజున ఇప్పించండి. గోళీలు మరిచిపోకుండా ఉదయం, రాత్రి మందులను వేర్వేరు డబ్బాలలో పెట్టండి. ఇద్దరి మందులూ ఒకే చోట ఉంచవద్దు.

మాట్లాడకపోవడాన్ని అలసట అనుకుని వదిలేయవద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఉచితం, రాత్రివేళ కూడా తెలుగులో మాట్లాడతారు. ఆమె తానుగా ఫోన్ చేయరు కనుక మీరు చేసి, పక్కన కూర్చుని మాట్లాడించండి. వృద్ధుల సహాయానికి 14567 కూడా ఉంది. పింఛను, సంరక్షణ కేంద్రాల వివరాలు అక్కడ చెబుతారు.

రాత్రి పని ఆమె ఒక్కరి మీద వేయవద్దు. పదిన్నరకు ఒకసారి మీరు, పన్నెండున్నరకు మరొకసారి మీవారు తిప్పితే ఆమెకు వరుసగా నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది. ఏజెన్సీ నర్సు గురించి కూడా ఇప్పుడు ఆలోచించవచ్చు. అయితే మీకు కావలసినది నర్సు కాకపోవచ్చు. పైపు మార్చడం, పుండుకు కట్టు కట్టడం వంటివి ఏఎన్ఎం, పాలియేటివ్ బృందం, ఏరియా ఆసుపత్రి చేస్తాయి. మీ ఇంట్లో లోటు ఒళ్లు తిప్పే, స్నానం చేయించే రెండు చేతులకే. దానికి పగటిపూట కొన్ని గంటలు వచ్చే సహాయకుడు చాలు, జీతం చాలా తక్కువ అవుతుంది. నర్సునే పెట్టుకుంటే మాత్రం రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించమనండి. ఎవరిని పెట్టినా మొదటి రోజు మీలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండి, కుడి చేయి పట్టి లాగుతున్నారేమో, మూత్రపు సంచి ఎక్కడ పెడుతున్నారో చూడండి. ఆ రెండూ సరిగా చేసే మనిషికి మిగతావి నేర్పుకోవచ్చు.